సవరణ: ఓడ ముందువైపు బాల్కనీ గది గురించి

అలాస్కా క్రూజ్‌కి ఓడ ముక్కు దిశగా తెరుచుకునే బాల్కనీ గది తీసుకుంటే రోజంతా బయట కూర్చుని దృశ్యాలు చూడొచ్చని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఓడ కంపెనీలు ఇచ్చే గది వివరాలు, సిబ్బంది సూచనలు చూశాక ఇది రాస్తున్నాను.

ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లతో వెళ్తుంటే, ఆకు కదలని రోజున కూడా ఆ బాల్కనీలో అంత గాలీ ముఖాన కొడుతుంది. 15 నాట్ల ఎదురుగాలి తోడైతే దాదాపు 65 కిలోమీటర్లు. తలుపు తీయడమే కష్టం, గాలి మరీ పెరిగితే తీయొద్దనే చెబుతారు. రాత్రి ఇంకో ఇబ్బంది. ఈ గదులు బ్రిడ్జికి, అంటే అధికారులు ఓడను నడిపే గదికి, దగ్గర్లో ఉంటే, లోపలి వెలుతురు చీకట్లో దారి చూసే అధికారుల కళ్లకు అడ్డు. అందుకని పొద్దుగూకాక కర్టెన్లు వేసేయాలి.

అలాస్కాలో హిమానీనదాలుండే గ్లేసియర్ బే అఖాతం కోసమైతే ఓడ పక్కవైపు బాల్కనీ చాలు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ నిలిచి, మెల్లగా తిరిగి రెండు వైపుల వాళ్లకూ చూపిస్తుంది. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తు గదే చూడండి. అలలకు ముక్కు లేచి పడినంతగా అక్కడ ఊగదు.

గది పేరులో ‘ఫార్వర్డ్’ (ముందువైపు) అని ఉన్నా బాల్కనీ పక్కకే ఉండొచ్చు, ఏ గది ఎక్కడుందో చూపే డెక్ ప్లాన్ చూడండి. నా మాట మీద ఇప్పటికే బుక్ చేసినవాళ్లు పూర్తి డబ్బు కట్టేలోపు గది మార్చుకునే వీలుందేమో ఏజెంటును అడగండి.