సీలో క్లాసులు లేవన్న సాకు

ప్రోగ్రామ్‌లో ఏ భాగమైనా మార్చగలిగే గ్లోబల్ వేరియబుల్ హానికరమని కంప్యూటర్ శాస్త్రవేత్తలు విలియం వుల్ఫ్, మేరీ షా 1973లోనే, సీ భాష ఇంకా రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే రాశారు. అర్ధ శతాబ్దం దాటినా, విశాఖపట్నంలో ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రామ్ రాసే) ప్రాజెక్టు చేసే విద్యార్థి ఫైలు మొదట్లోనే గ్లోబల్స్‌ను వరుసగా పరిచి, ఇదేమిటని అడిగితే డేటాను, దానిపై పనిచేసే ఫంక్షన్లను ఒకచోట కట్టిపెట్టే క్లాసులు సీలో లేవు కదా అంటాడు. ఈ సాకు చెల్లదు.

క్లాస్ అనే కీవర్డ్ లేకపోవచ్చు గాని, తన స్థితిని తనలోనే ఉంచుకునే ఆబ్జెక్టు సీ ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్ ఇచ్చే ఫైల్ పాయింటర్‌ను (మెమరీలో చోటును సూచించే విలువను) ల్యాబ్‌లో అందరూ వాడినవారే. దాని వెనుక బఫర్ ఎలా ఉందో చూడనవసరం లేదు, రెండు ఫైళ్లు ఒకేసారి తెరిచినా ఒకదాని స్థితి మరొకదానిలో కలవదు. మన కోడ్‌లోనూ చేయవలసింది ఇంతే: సంబంధమున్న విలువలను ఒక స్ట్రక్చర్‌లో చేర్చి, ఇతర ఫైళ్లు చూసే హెడర్‌లో దాని పేరు మాత్రమే ప్రకటించి, సభ్యులను సోర్స్ ఫైల్‌లో నిర్వచించి, ప్రతి ఫంక్షన్‌కూ ఆ స్ట్రక్చర్ పాయింటర్‌ను అందించడం. ఇక బయటి కోడ్ లోపలి సభ్యుణ్ని నేరుగా తాకబోతే కంపైలరే ఒప్పుకోదు. ప్రవర్తన మారాలంటే అందులో ఫంక్షన్ పాయింటర్లు పెట్టుకోవచ్చు. లైనక్స్ కెర్నల్‌లో ఫైల్ సిస్టమ్‌లు, డ్రైవర్లు నడిచేది ఆ పద్ధతిలోనే. ఇందుకు భిన్నంగా స్ట్రింగ్‌ను ముక్కలు చేసే స్ట్ర్‌టాక్ ఫంక్షన్ తాను ఆగిన చోటును తన లోపలే దాచుకుంటుంది కనుక, ఒక స్ట్రింగ్‌ను విడదీస్తూ మధ్యలో మరొకటి మొదలుపెడితే మొదటిది దారి తప్పుతుంది. ఆ స్థానాన్ని పిలిచినవారి చేతికే అప్పగించే స్ట్ర్‌టాక్_ఆర్‌ను యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ చేర్చవలసి వచ్చింది.

చిన్న మైక్రోకంట్రోలర్‌లో, ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ కేటాయించే మాలాక్ వాడరాదన్న అభ్యంతరం సరైనదే, సీని భద్రంగా వాడేందుకు పెట్టిన మిస్రా నియమాలూ దాన్ని వద్దంటాయి. అయితే స్ట్రక్చర్లను సోర్స్ ఫైల్‌లోనే స్టాటిక్ అర్రేగా ముందే కేటాయించి, వాటి పాయింటర్లను పంచవచ్చు. హార్డ్‌వేర్ సంకేతం రాగానే నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్ సాధారణంగా ఆర్గ్యుమెంట్లు తీసుకోదు గనుక అక్కడ ఒక స్టాటిక్ పాయింటర్ తప్పకపోవచ్చు; ఆ ఒక్కదాన్ని చూపి ఇరవై గ్లోబల్స్ పెట్టుకోవడమే తప్పు.

విశాఖలో ఈ పట్టుదల మరీ అవసరం. ఇక్కడి మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. 1985-87 మధ్య కనీసం ఆరుగురు రోగులకు మితిమీరిన రేడియేషన్ ఇచ్చిన థెరాక్-25 యంత్రం సాఫ్ట్‌వేర్ అసెంబ్లీలో రాసినదే అయినా, టాస్కులు రక్షణ లేకుండా పంచుకున్న వేరియబుళ్లే ఆ ప్రమాదాల కారణాల్లో ఒకటి. రేపు అలాంటి ఫర్మ్‌వేర్ రాయబోయేవారికి సీ ల్యాబ్ పరీక్షలో ఔట్‌పుట్ వస్తే చాలు, మార్కులు వచ్చేస్తాయి. ఎగ్జామినర్లు మరొక్కటి అడగాలి: ఒక సెన్సార్‌కు రాసిన మాడ్యూల్‌ను, అందులో ఒక్క వరుసా మార్చకుండా, రెండు సెన్సార్లకు ఒకేసారి నడిపి చూపమనాలి.