మొగడు మంచోడైతే సీరియల్ ఏది?

కోరుట్లలో మా మేనత్త ఇంట్లో పొద్దుగూకితే మాటలు బంద్. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. కళ్లు మాత్రం టీవీ మీదే. బీడీ ఆకు చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం వేళ్లు వాటంతటవే చేసుకుపోతాయి. ‘ఇంటింటి గృహలక్ష్మి’ సీరియల్ వస్తున్న రోజుల్లో, అందులోని కథానాయిక తులసి తన కాళ్ల మీద తాను నిలబడుతోందని నేను మెచ్చుకుంటే, అత్త చెయ్యి ఆపకుండానే అంది: “మొగడు మంచోడైతే ఆమె గడప దాటుతుండెనారా? సీరియలే లేకపోతుండె.”

ఆ ఒక్క మాటలో చాలా విషయం ఉంది. ఆ సీరియల్‌కు మూలం 2019లో బెంగాలీలో మొదలైన ‘శ్రీమయి’. అదే కథ హిందీలో ‘అనుపమ’, తమిళంలో ‘బాకియలక్ష్మి’ అయింది. మరాఠీ, కన్నడ, మలయాళాలకూ వెళ్లింది. భాషను బట్టి పేర్లు మారాయి, చీరకట్టు మారింది, పండగలు మారాయి. భర్త ఇంకో ఆమెతో తిరిగాకే భార్యకు తన బతుకు గుర్తుకు రావడం మాత్రం ఎక్కడా మారలేదు. అంటే ఆమె స్వేచ్ఛ ఆమె కోరుకున్నది కాదు, జరిగిన అన్యాయానికి దక్కిన నష్టపరిహారం. భర్త బుద్ధిమంతుడై ఉండి, ఆమె తనకిష్టమని ఉద్యోగానికి పోతానంటే? అలాంటి పాత్ర మన సీరియళ్లలో ఎక్కువగా విలన్ వైపే కనిపిస్తుంది. గుర్తుపట్టడం తేలికే, జుట్టు విరబోసుకుని ఉంటుంది.

‘కార్తీక దీపం’ కూడా అంతే. అందులో కథానాయిక దీప వంటలు చేసి పిల్లను పెంచుకుంది, వంటలక్క అని ఊరూరా పేరొచ్చింది. కానీ 2017లో మొదలయ్యాక ఏళ్ల తరబడి కథను నడిపింది ఆమె సంపాదన కాదు, డాక్టర్ భర్త అనుమానం. ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే అయిపోయేదానికి ఇంత కథా అని జనం నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే చూశారు. రోజూ వచ్చే సీరియల్‌కు ముగింపు ఉండకూడదు కాబట్టి, అందులో ఆడమనిషి ఇల్లు వదిలినా మళ్లీ ఆ గుమ్మంలోకే రావాలి.

పాకిస్తాన్ డ్రామాలకు ఆ ఇబ్బంది తక్కువ. వారానికో భాగం, ఇరవై పాతికతో సరి. 2012లో వచ్చిన ‘జిందగీ గుల్జార్ హై’లో కొడుకు కావాలని భర్త ఇంకో పెళ్లి చేసుకుంటే, రాఫియా బడిలో ఉద్యోగం చేసి ముగ్గురు ఆడపిల్లలను చదివిస్తుంది. ఆమె ఇంట్లో జీతం, ఖర్చు ఎప్పుడూ లెక్కలోనే ఉంటాయి. చివరికి అదీ పెళ్లి చుట్టూనే తిరుగుతుంది, అది వేరే సంగతి.

మా వైపు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల్లో ఆడవాళ్లు సంపాదించడం తిరుగుబాటేమీ కాదు. బీడీలు చెయ్యని వాడలు తక్కువ. మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ. మా మామ పద్దెనిమిదేళ్లు దుబాయిలో ఉన్నాడు. చెడ్డవాడు కాదు, ఇంట్లో లేడు, అంతే. బోరు వేయించింది, ఇల్లు కట్టించింది, ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేసింది అత్తే. చిట్టీ ఎప్పుడు ఎత్తాలో, మేస్త్రీకి ఎంత ఆపాలో ఆమెకే తెలుసు. ఇలాంటి ఆమె కథ నేను చూసిన ఏ సీరియల్లోనూ లేదు, ఎందుకంటే అందులో ఏడ్పించేవాడు లేడు. ఇంటి కాగితం మాత్రం మామ పేరు మీదే ఉంది.

కాగితం అంటే గుర్తొచ్చింది. సీరియల్ నిండా వీలునామాలు, దొంగ సంతకాలు, వందల కోట్ల ఆస్తులు. కానీ ఒక మామూలు బిడ్డ అన్నను కూర్చోబెట్టి “నాన్న భూమిలో నా వాటా ఏది?” అని అడిగే సీన్ నాకు గుర్తులేదు. ఆ హక్కు కొత్తదేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం తెచ్చి, అప్పటికి పెళ్లికాని హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చారు. 2005లో కేంద్రం పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా దేశమంతా వర్తింపజేసింది. అది పుట్టుకతో వచ్చే హక్కేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

అత్త పెళ్లి 1992లో. లెక్క ప్రకారం ఆమెకు వాటా ఉంది. తాత పోయాక భూమి పంచుకునేటప్పుడు “నాకేం వద్దు” అని సంతకం పెట్టింది. ఎందుకు పెట్టావని ఓసారి అడిగితే, “పుట్టింటికి రాకపోకలు ఉండాలె గదరా” అని మళ్లీ టీవీ వైపు తిరిగింది. సంతకం పెట్టించుకున్న అన్నదమ్ముల్లో ఒకరు మా నాన్న. అందులో ఒక ఎకరం అమ్మిన పైసలతోనే నేను హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకున్నా.