బడిలో పిల్లలకు మందులు ఇవ్వొద్దనే మెసేజ్‌ను నమ్మకండి

టీచర్ల గ్రూపుల్లో, తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: బడిలో పిల్లలకు ఏ మందూ ఇవ్వకూడదు, ఇచ్చాక ఏదైనా జరిగితే టీచర్ మీదే కేసు. బ్యాగుల్లో మందులు కనిపిస్తే తీసుకుని ఆఫీసులో తాళం వేయాలి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంటికి ఫోన్ చేసి, పెద్దవాళ్లు వచ్చేదాకా ఆగాలి. ఇన్హేలర్ వాడితే అదే అలవాటైపోతుంది. ఫిట్స్, ఉబ్బసం, షుగర్ ఉన్న పిల్లల్ని పూర్తిగా నయమయ్యాకే బడికి పంపాలి.

రాసినవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దీన్ని బడులు నిజంగా పాటిస్తే ప్రాణం మీదికొచ్చేది పిల్లలకు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

"ఏ మందూ ఇవ్వకూడదు." ఇందులో సగం సరైన మాటే. తలనొప్పి అన్న పిల్లకు టీచర్ తన హ్యాండ్‌బ్యాగులోంచి మాత్ర తీసి ఇవ్వకూడదు. పిల్లలకు పారాసిటమాల్ బరువును బట్టి, ఒక్కో డోసుకు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తారు. పొద్దున ఇంట్లో ఒక డోసు వేసి పంపారో లేదో టీచర్‌కు తెలియదు. ఆస్పిరిన్ అయితే మరీ ప్రమాదం. వైరల్ జ్వరంలో ఉన్న పిల్లలకు అది ఇస్తే కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఉంది.

కానీ ఫలానా పిల్లాడికని డాక్టర్ రాసిచ్చి, తల్లిదండ్రులు సంతకం చేసి, ఏ లక్షణం కనిపిస్తే ఎంత ఇవ్వాలో కాగితం మీద పెట్టి ఇచ్చిన మందు సంగతి వేరు. అక్కడ టీచర్ సొంత వైద్యం చేయడం లేదు. డాక్టర్ ముందే తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేస్తున్నారు. ఇంట్లో అమ్మమ్మ చేసేదీ అదే. మెసేజ్ ఈ రెండింటినీ కలిపేసింది.

"ఇస్తే కేసు." చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, నిజమే. అయితే ఈ విషయంలో ఆలోచించి ముందడుగు వేసిన దేశాలు మందును బడికి దగ్గర చేశాయి. బ్రిటన్‌లో 2014 అక్టోబర్ నుంచి బడులు అత్యవసరానికి ఉబ్బసం ఆయాసాన్ని తగ్గించే సాల్బ్యుటమాల్ ఇన్హేలర్‌ను, 2017 అక్టోబర్ నుంచి తీవ్రమైన అలర్జీకి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులను కొని ఉంచుకోవచ్చు. అమెరికా 2013లో తెచ్చిన చట్టం బడుల్లో ఎడ్రినలిన్ ఉంచేలా, శిక్షణ పొందిన సిబ్బందికి కేసుల నుంచి రక్షణ ఇచ్చేలా రాష్ట్రాలను ప్రోత్సహించింది. మీ బడిలో భయం ఉంటే దాన్ని రాతపూర్వకంగా తీర్చుకోండి. అనుమతి పత్రం, శిక్షణ, ఇచ్చిన ప్రతిసారీ సమయం, మోతాదు రాసే రిజిస్టర్ ఉండాలి. మందు చేతిలో ఉండి, కాగితం మీద ఆదేశం ఉండి ఇవ్వకపోవడానికి కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది కదా.

"పెద్దవాళ్లు వచ్చేదాకా ఆగాలి." మొత్తం మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే.

తీవ్రమైన అలర్జీ తీసుకోండి. బ్రిటన్‌లో అలర్జీతో ప్రాణాలు పోయిన కేసులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శ్వాస గానీ గుండె గానీ ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం ఆహారం వల్లయితే 30 నిమిషాలు, పురుగు కుట్టడం వల్లయితే 15 నిమిషాలు. ఆఫీసులో ఉన్న నాన్నకు ఫోన్ కలిసి, ఆయన బయల్దేరి, ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది. దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఎడ్రినలిన్ వెంటనే తొడ బయటి వైపు ఇవ్వాలి. పెన్ను బట్టల మీదుగానే పనిచేస్తుంది. పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ బిగుసుకున్న గొంతును, పడిపోతున్న బీపీని ఆపలేదు. మందు ఇచ్చాక అంబులెన్స్, ఆ తర్వాత ఇంటికి ఫోన్.

ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడాలి. నోట్లో చెంచాలు, వేళ్లు పెట్టొద్దు, నాలుక మింగేయడమన్నది జరగదు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. డాక్టర్ రాసిచ్చి ఉంటే ఫిట్స్ ఆపే మందు మిడజోలమ్‌ను చెంప లోపల గానీ ముక్కులో గానీ ఇవ్వాలి.

రక్తంలో షుగర్ 70 కన్నా కిందికి పడిపోయిన పిల్లకు 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఇక్కడ తరచూ జరిగే ఒక పొరపాటు చెప్పాలి. "నీరసంగా ఉంది టీచర్" అన్న పిల్లను ఒంటరిగా ఆఫీసు గదికి పంపిస్తారు. మెట్ల మీద పడిపోతే చూసేవాళ్లుండరు. గ్లూకోజే తరగతి గదికి రావాలి.

"తాళం వేసి పెట్టాలి." నిద్రమాత్రలు, ఏకాగ్రత కోసం ఇచ్చే కొన్ని మందులు తాళంలో ఉండాల్సిందే. ప్రాణం కాపాడే మందు అలా ఉండకూడదు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆ మనిషి సెలవులో ఉంటే? పిల్లలు గ్రౌండులో, టూర్ బస్సులో ఉంటే? ఇన్హేలర్ వాడటం తెలిసిన పిల్లాడి దగ్గరే ఒకటుండాలి, తరగతిలో ఇంకొకటి పెద్దవాళ్లకు అందేచోట ఉండాలి.

ఆయాసం వచ్చినప్పుడు చేయాల్సిందేమీ బ్రహ్మవిద్య కాదు. పిల్లాడిని నిటారుగా కూర్చోబెట్టాలి. ఇన్హేలర్‌ను బాగా కుదిపి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి, దాని మూతి చుట్టూ పెదాలు మూయించి, ఒక్కసారి నొక్కాలి. నాలుగైదు సార్లు మామూలుగా పీల్చి వదలనివ్వాలి. మళ్లీ కుదిపి రెండో పఫ్. డాక్టర్ ఇచ్చిన కాగితంలో ఎన్ని రాసి ఉంటే అన్ని, ఒక్కొక్కటిగా. వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలం తిరుగుతున్నా పఫ్‌లు ఇస్తూనే అంబులెన్స్ పిలవాలి. ఒక్క మధ్యాహ్నం శిక్షణతో ఏ టీచరైనా నేర్చుకోగలరు.

"ఇన్హేలర్ అలవాటైపోతుంది." కాదు. సాల్బ్యుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, అది వ్యసనం కలిగించే మందు కాదు. మాటిమాటికీ అవసరం పడుతోందంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం. అప్పుడు డాక్టర్‌కు చూపించాలే గానీ లాక్కోకూడదు.

"నయమయ్యాకే పంపాలి." టైప్ 1 డయాబెటిస్‌కు ఇన్సులిన్ జీవితాంతం కావాలి. మరి ఆ పిల్ల ఎప్పుడు బడికి రావాలి? మందు సరిగ్గా అందితే ఈ పిల్లలు అందరిలాగే చదువుతారు, పరుగు పందెంలో గెలుస్తారు. వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమనడం అన్యాయం, నేను దీన్ని ఒప్పుకోను.

ఇందులో తల్లిదండ్రుల వంతూ ఉంది. జబ్బు పేరు చెబితే పిల్లను వేరుగా చూస్తారని కొందరు దాచిపెడతారు. దాస్తే ఆ రోజు టీచర్ చేతిలో ఏమీ ఉండదు. పిల్ల ఫొటో, లక్షణాలు, మందు, మోతాదు, రెండు ఫోన్ నంబర్లు, డాక్టర్ సంతకంతో ఒక్క పేజీ ఇవ్వండి. ఫోన్ నంబర్ మారితే ఆ రోజే చెప్పండి. మందు ఎక్స్‌పైరీ తేదీని టర్మ్ మొదట్లో చూసుకోండి. బడి ఆ పేజీ కాపీని హాజరు పట్టీలోనే పెట్టాలి. క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు వేరే టీచర్ వచ్చి మొదట తెరిచేది అదే.