ఏ ఊరు ఏ జిల్లా పుస్తకంలో ఉందో ముందు చూసుకోండి

ప్రభుత్వ ప్రచురణలన్నీ నెట్‌లో దొరుకుతుంటే లైబ్రరీల్లో వాటికి బీరువాలు ఎందుకని ఈమధ్య ఒక వ్యాసంలో అడిగారు. నేను ఒప్పుకోను. నెట్‌లో ఉన్నా సరే, గోదావరి డెల్టా ఊళ్ల వివరాలు వెతికేవాళ్లకు మొదట అడ్డొచ్చేది జిల్లా పేరే. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం తాలూకాలు గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలో కలిశాయి. అందుకే 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్‌లో (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం) వాటి కోసం వెతికితే లాభం లేదు. 1925లో అవి కృష్ణా నుంచి విడిపోయి, కొత్తగా ఏర్పడిన పశ్చిమగోదావరి జిల్లాలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ విడిపోయింది కాబట్టి, అమలాపురం వైపు ఊళ్లకు 2011 జనాభా లెక్కల పుస్తకం తూర్పుగోదావరి పేరు మీదే అడగాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి, జనాభా లెక్కల్లో ఊరికిచ్చిన ఆరంకెల గ్రామ కోడ్ రాసుకోండి.

స్కాన్ కాపీలతో ఇంకో చిక్కుంది. పుస్తకం వెనక మడతపెట్టిన మ్యాపును చాలాసార్లు విప్పకుండానే స్కాన్ చేసేస్తారు. లాకులు, బ్రాంచి కాలువల పేర్లు ఆ మడతలోనే ఉండిపోతాయి. అసలు ప్రతి చూడాల్సిందే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోటికి వెళ్తే పుస్తకం వేసిన శాఖ, సంవత్సరం, సంపుటం చీటీ మీద రాసివ్వండి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అక్కడ లేకపోతే సంబంధిత ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కాపీలు కావాలని కాకుండా రికార్డు చూడనివ్వమని రాయండి, మొదటి గంట ఉచితం.