బ్లౌజులు కుట్టుకోవచ్చుగా అని అడిగే అందరికీ

కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళని మన ఇళ్ళలో రెండు కారణాలకే మెచ్చుకుంటారు. టైలర్‌కి ఇచ్చే డబ్బు మిగిలిస్తే ఒకటి, నాలుగు బ్లౌజులు కుట్టి డబ్బు తెస్తే రెండోది. ఈ రెండూ కాకుండా, ఐదువందల ఏళ్ళ కిందట విజయనగర కొలువులో తొడుక్కున్న అంగీని ఎలా కత్తిరించి ఉంటారో తెలుసుకోవాలని సూదీ దారం పట్టుకుని కూర్చుంటే మాత్రం "ఇది దేనికి పనికొస్తుంది?" అని నాలుగు వైపుల నుంచీ అడుగుతారు. దానికి వివరంగా జవాబు చెప్పాలనే ఈ పోస్ట్. పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న బంధువుల పెళ్ళిలో ఒక పిన్నిగారు నేను కుట్టిన అంగీ ఫోటో చూశారు. "ఇంత సన్నగా కుట్టే చెయ్యి పెట్టుకుని ఈ నాటకాల బట్టలేంటమ్మా? మగ్గం వర్క్ నేర్చుకో, పెళ్ళిళ్ళ సీజన్లో ఊపిరాడనంత గిరాకీ" అన్నారు. ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు. బ్లౌజులన్నా, మగ్గం వర్కన్నా నాకు చిన్నచూపు లేదు. ఒంటికి సరిగ్గా అమరే బ్లౌజు కుట్టడం ఎంత కష్టమో తెలుసు కాబట్టే, ఆ పని చేసేవాళ్ళకి మనం ఇచ్చే కూలి చాలా తక్కువని కూడా అంటాను. నా బాధ వేరు. మా ఆయన ఆదివారం పొద్దున్నే క్రికెట్‌కి వెళ్తారు. మా మరిది గంటల తరబడి చెస్ ఆడతాడు. దాంతో ఎంతొస్తుందని వాళ్ళని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆడమనిషి చేతిలో విద్య కనబడితే మాత్రం వెంటనే దానికి రేటు కట్టేస్తాం. నేను ఉద్యోగం చేస్తున్నాను, ఇల్లు నడుపుతున్నాను, గుడ్డ నా జీతంతో కొనుక్కుంటున్నాను. మిగిలిన కాస్త సమయానికి కూడా లెక్క చెప్పమంటే ఒళ్ళు మండుతుంది.

నేను పుట్టి పెరిగింది హిందూపురం. లేపాక్షి మాకు పక్కనే. వీరభద్రస్వామి గుడికి వచ్చినవాళ్ళందరికీ గైడ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపిస్తారు. తలెత్తి పైకప్పు మీద ఉన్న గుడ్డల్ని చూడమని మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడున్నవి అచ్యుతదేవరాయల కాలపు బొమ్మలు, 1530ల ప్రాంతానివి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు తమ పరివారంతో నిలబడి ఉంటారు. తెల్లటి పల్చటి పొడుగు అంగీలు, తలల మీద కుళ్ళాయిలనే పొడవాటి టోపీలు. ఆడవాళ్ళ చీరల మీద చారలు, గళ్ళు, పువ్వులు, ఒకదానిలా ఒకటి ఉండదు. ఆ డిజైన్లు చూసి నేతగాళ్ళు ఈ రోజుకీ చీరలు నేస్తున్నారు. చీరల గురించి పట్టించుకున్నవాళ్ళున్నారు కానీ, ఆ అంగీల కటింగ్ ఏమిటి, చంక కింద గుడ్డ ఎలా తిరిగింది, నడుం దగ్గర అంత ఘేరా, అంటే కిందికి విచ్చుకునే వెడల్పు, ఎక్కణ్ణుంచి వచ్చింది అని పట్టించుకున్నవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. నా పని అక్కణ్ణుంచే మొదలైంది.

ఆ బట్టల గురించి కళ్ళారా చూసినవాళ్ళు రాసినవీ ఉన్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల్ని చూశాడు. తెల్లటి బట్టల మీద బంగారు గులాబీల పని, తల మీద జరీ టోపీ, కాళ్ళకి చెప్పులు లేవు అని రాసిపెట్టాడు. తర్వాత అచ్యుతరాయల కాలంలో వచ్చిన ఇంకో పోర్చుగీసువాడు నూనిజ్ ఆ జరీ టోపీలని కుళ్ళాయి అనే పేరుతోనే చెప్పాడు. రాజు తల మీంచి ఒకసారి తీసిన కుళ్ళాయి మళ్ళీ పెట్టుకోడని కూడా రాశాడు. తిరుమలలో కృష్ణరాయలు తిరుమలదేవి, చిన్నాదేవి మధ్య చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహం మీరందరూ దర్శనానికి వెళ్తూ చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు బట్టలు గమనించండి. దేవుడి ముందు అంగీ లేదు, పై ఒళ్ళు ఖాళీ, కింద పంచె. తల మీద కుళ్ళాయి మాత్రం ఉంది. కొలువులో ఒక తీరు, గుళ్ళో ఒక తీరు. ఎక్కడ ఏది ఉంచుకోవాలి, ఏది తీసెయ్యాలి అన్న తేడా వాళ్ళకి స్పష్టంగా తెలుసు.

ఇక్కడ ఒక గొడవ ఉంది. దాని గురించి కూడా చెప్తాను. కుళ్ళాయి, కబాయి (ఈ పొడుగు అంగీ పేరు) పారశీక, అరబ్బు దేశాల తీరు, వాటిని నెత్తికెత్తుకోవడమెందుకు, మన బట్టంటే చుట్టుకునేదే కదా అని కొందరు నాతో వాదిస్తారు. అక్కడి తీరే, కాదనను. మన రాజులు, మన మంత్రులు, మన గుడి కట్టించిన దాతలు దాన్ని ఇష్టపడి తొడుక్కున్నారన్నదీ అంతే నిజం. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద ఆ బట్టల్లోనే తమ బొమ్మలు వేయించుకున్నారు. వాళ్ళకి లేని అభ్యంతరం మనకెందుకు? చుట్టుకునే బట్టా మనదే, కుట్టిన బట్టా మనదే. ఒకదాన్ని దాచేస్తే సగం చరిత్రే మిగులుతుంది.

అందరికీ అది నచ్చిందనీ అనను. అంతకు సుమారు నూరేళ్ళ ముందు శ్రీనాథుడు విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువుకి వెళ్ళినప్పుడు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని, కూర్పాసం, అంటే కుట్టిన అంగీ, తొడుక్కోవలసి వచ్చిందని ఆయన పేరు మీద ఒక చాటుపద్యం ఉంది. బళ్ళో చదువుకున్నప్పుడు అది నాకు ఒక కవి కోపం, అంతే. అంగీ కుట్టి మా ఆయనకి తొడిగి చూశాక ఆ పద్యం వేరేలా వినిపించింది. సన్నటి చేతులు మణికట్టు దాకా బిగిసి ఉంటాయి. చంక కింద చదరపు ముక్క వెయ్యకపోతే చెయ్యి పైకి లేవదు. జీవితమంతా భుజం మీద ఉత్తరీయం వేసుకుని తిరిగిన మనిషికి ఆ అంగీలో భుజాలు ఎలా ఇరుక్కున్నట్టు అనిపించి ఉంటాయో, టోపీ జారకుండా తల ఎంత నిటారుగా పెట్టాల్సి వచ్చి ఉంటుందో బట్ట చెప్తుంది. పుస్తకంలో దొరకని సంగతి ఇది. పనికొచ్చేదేమిటని అడిగేవాళ్ళకి నా మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు మా పిల్లల బడి నుంచి చెప్తాను. ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అనగానే అద్దె షాపుకి పరిగెత్తుతాం. రుద్రమదేవికైనా ఝాన్సీ లక్ష్మికైనా ఒకటే పాలిస్టర్ శాటిన్, ఒకటే మెరుపు లేసు, వెనకాల జిప్పు. ఎండలో పిల్లలు చెమటతో తడిసి ముద్దవుతారు. రుద్రమదేవి కాలంలో మోటుపల్లి రేవు చూసిన మార్కోపోలో ఇక్కడి సన్నటి బట్ట సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి సంతోషించని రాజూ రాణీ లోకంలో ఉండరని రాశాడు. అంతటి బట్ట నేసిన నేల మీద, ఆ రాణి వేషానికి మనం పిల్లలకి ప్లాస్టిక్ దారం తొడుగుతున్నాం. బడులని తిట్టి లాభం లేదు, అమ్మానాన్నలకి అంత తీరిక ఎక్కడిది? కానీ రెండు మీటర్ల చేనేత నూలు గుడ్డ, ఒక ఉత్తరీయం, రామప్ప గుడి శిల్పాల్లో చూసి కట్టిన కచ్చ చాలు. అద్దె కంటే పెద్ద ఖర్చేమీ కాదు, ఆ గుడ్డ తర్వాత ఇంట్లో వాడుకోవచ్చు. మా చిన్నమ్మాయికి అలాగే చేశాను. స్టేజి మీద మెరవలేదు, నిజమే. కానీ ఆ రాణి ఏం కట్టుకుందో మైకులో తనే చెప్పింది.

గుడ్డ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం. లేపాక్షి అంగీకి నేను ఎంచుకున్నది శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు. అక్కడ దూదిని ఇప్పటికీ వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి శుభ్రం చేస్తారు. అంత సన్నటి నూలు చేత్తో వడికి నేస్తారు. మిల్లు గుడ్డకీ దానికీ తేడా కత్తెర పెట్టగానే తెలుస్తుంది. చేతి నూలు గుడ్డకి ప్రాణం ఉంటుంది, సూది దిగిన చోట పోగు పక్కకి జరిగి దారి ఇస్తుంది. ఒక మనిషి రోజుల తరబడి నేసిన గుడ్డ కాబట్టి ముక్క వృథా చెయ్యడానికి మనసొప్పదు. పాత అంగీల్లో ఒంటి ముక్కలు దీర్ఘచతురస్రాలుగా, పక్కల వేసే కలీలు త్రిభుజాలుగా ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. ఒక కలీ కోసిన చోటే రెండో కలీ తిరగేసి వస్తుంది. కత్తిరింపులో మిగిలేది గుప్పెడు పీలికలే. ఇప్పటి కటింగ్‌లో నేల మీద పడే గుడ్డ చూస్తే నాకు బాధేస్తుంది.

ఈ కలీల లెక్క నాకు నేర్పింది హైదరాబాద్ పాతబస్తీలో ఒక పెద్దాయన. షేర్వానీలు, ఖడా దుపట్టా పెళ్ళి బట్టలు కుట్టే ఇంటివాళ్ళు. చుడీదార్ పైజమాకి గుడ్డని ముందు ఏటవాలుగా కలిపి సంచీలా కుట్టి, ఆ తర్వాత కత్తిరిస్తారు. అలా చేస్తేనే క్రాస్ వస్తుంది, గుడ్డ తక్కువ పడుతుంది. టేపు లేకుండా జానెలతోనే ఆయన కొలుస్తుంటే చూడాలి. ఆయన కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు. "నువ్వు రాసుకోమ్మా, నాకు రాయడం రాదు" అన్నారు. నేను రాసుకున్నాను. బొమ్మలు గీసుకున్నాను. ఇది ఏ కాలేజీ సిలబస్‌లో ఉంది చెప్పండి?

ఇప్పుడు ఇంటి సంగతి. పిల్లలతో, అత్తమ్మతో, ఆఫీసుతో ఇదంతా ఎలా కుదురుతుందని నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. చేతికుట్టు వల్ల కుదురుతుంది. కుట్టుమిషన్ వచ్చింది 19వ శతాబ్దంలో, కాబట్టి అంతకు ముందటి బట్టకి మిషన్ పెట్టకూడదని నా నియమం. ఆ నియమమే నా సంసారానికి సరిపోయింది. మిషన్‌కి ఒక చోటు కావాలి, చప్పుడవుతుంది. చేతిలో పనిని ఏ కుట్టు దగ్గరైనా ఆపి లేవొచ్చు. కవర్లో పెట్టుకుని పిల్లల ట్యూషన్ బయట కూర్చుని కుట్టుకోవచ్చు. కుక్కర్ ఎక్కించాక దొరికే పావుగంట చాలు. కత్తిరించే పని మాత్రం రాత్రి భోజనాలయ్యాక, హాల్లో చాప మీద. గుండుసూదులన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేసేదాకా ఆ చాప మీద ఎవరూ కూర్చోకూడదు. పరీక్షలప్పుడు పెద్దమ్మాయి నా పక్కనే కూర్చుని చదువుకుంటుంది. ఇద్దరం మాట్లాడుకోం, ఎవరి పని వాళ్ళది. నాకు టెన్షన్ తగ్గించేది ఆ గంటే.

అత్తమ్మకి మొదట్లో ఇది నచ్చలేదు. పండగ ముందు ఇంట్లో పని పెట్టుకుని పాత రాజుల చొక్కాలేంటని విసుక్కునేవారు. ఒకరోజు పక్కకొచ్చి కూర్చుని చూసి, "ఇది బొంతకుట్టే కదమ్మా. ఇంత మెల్లగా అయితే ఎప్పటికి తెమిలేను, ఇటు తే" అని తీసుకున్నారు. నేను ఒక్కో కుట్టూ వేస్తుంటే ఆవిడ సూది మీదకి నాలుగైదు కుట్లు ఎక్కించి ఒక్కసారి లాగుతారు, అన్నీ ఒకే కొలత. పాత చీరలతో బొంతలు కుట్టీ కుట్టీ వచ్చిన చెయ్యి అది. అంచుని అంచు మీదకి మడిచి పోగులు బయటపడకుండా కుట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చదువుకోలేదని ఆవిడ గురించి బంధువుల్లో ఒక మాట ఉంది. ఆ మాట అనేవాళ్ళు ఆ కుట్టు ఒక్క బెత్తెడు వేసి చూపించాలి.

మ్యూజియంల మీద కూడా నాకు కోపం ఉంది. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల గది ఉంది. ఎంత పొడవంటే, ఆ బీరువాలు చూడటానికే దూరాల నుంచి వస్తారు. బీరువాల గురించి అందరూ చెప్తారు, బట్టల లోపలి కుట్ల గురించి ఎవరు చెప్తారు? మన దేశంలో మ్యూజియంకి వెళ్తే అద్దం వెనక బట్ట ముందు వైపే కనబడుతుంది. కుట్టేవాళ్ళకి కావలసింది లోపలి వైపు. లైనింగ్ ఎక్కడ ఆగింది, అతుకు ఏ వైపు మడిచారు, ఎక్కడ చిరిగితే ఎలా సరిచేశారు అన్నది అక్కడే ఉంటుంది. ఒక్కో బట్టకి లోపలి వైపు ఫోటో ఒకటి, కొలతల కాగితం ఒకటి పక్కన పెట్టడానికి కోట్లు అక్కర్లేదు.

ఆ పని మ్యూజియంలు చేసేదాకా మన ఇళ్ళలో మనం చెయ్యగలిగింది ఒకటుంది. స్టీలు సామాన్లవాళ్ళు వీధిలోకి రాగానే బీరువా అడుగున ఉన్న పాత బట్టలన్నీ ఇచ్చి ఒక గిన్నె తీసుకుంటాం. జరీ చీరైతే వెండి కోసం అమ్మేస్తాం. అమ్ముకోండి, అవసరాలుంటాయి. కానీ నాయనమ్మ చేత్తో కుట్టుకున్న రవిక, తాతగారి పెళ్ళి కోటు, బొందు కట్టుకునే పాత బనీను లాంటివి ఉంటే ఇచ్చేముందు ఒక్కసారి లోపలికి తిప్పండి. పగటి వెలుతుర్లో, పక్కన టేపు పెట్టి నాలుగు ఫోటోలు తియ్యండి: మెడ, చంక, చెయ్యి అంచు, పక్క అతుకు. ఎవరిది, ఏ ఊరు, సుమారుగా ఎప్పటిది అని ఒక చీటీ రాసి ఫోటోలో కనబడేలా పెట్టండి. నాకు పంపితే కొలతలు గీసి, కటింగ్ కాగితం తయారుచేసి మీకే తిరిగి పంపుతాను. డబ్బేమీ తీసుకోను.