టీవీ యూనిట్‌ల ఫ్యాన్: ఫుల్ తిరగాల్నా, మెల్లగనా? బావ బామ్మర్దుల లొల్లి

మిర్యాలగూడ, మే నెల, బయట 44 డిగ్రీలు. శీనోళ్లింట్ల కొత్తగ చేయించిన టీవీ యూనిట్‌ల సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, సీసీ కెమెరాల వీడియో రికార్డ్ చేసే డీవీఆర్ డబ్బా అన్నీ గాజు తలుపుల ఎనక మూసి పెట్టిన్రు. ఉడుకుకు రూటరు ఊకె బంద్ పడుతుంటె శీను ఎనక చెక్కకు పైన బొక్క చేసి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ పెట్టిండు. బావకు టీవీల రిపేర్ దుకాణం ఉంది.

బావ: గింత మెల్లగ తిరుగుతుందేందిరా, గాలి గుంజుతుందా అసలు?

శీను: గుంజుతది బావా, అగరుబత్తి పెట్టి చూసిన, కింది సందులకెళ్లి పొగ లోపటికి పోయి పైనకెళ్లి బయటికొస్తుంది. ఫుల్ పెడితె ఆ సప్పుడుకు అమ్మకు సీరియల్ ఇనవడ్తలేదంట, గందుకే వోల్టులు తగ్గించే చిన్న బోర్డు, స్టెప్ డౌన్ మాడ్యూల్, పెట్టి స్క్రూ తిప్పి 4 వోల్టులకు దించిన.

బావ: అది పీకి డైరెక్ట్ 12 ఇయ్యి. మధ్యల ఎన్ని సామాన్లు పెడితె చెడిపోయేటందుకు అన్ని జాగలు. నా దుకాణంకు వచ్చే బోర్డులల్ల సగం ఉబ్బిన కెపాసిటర్లే, ఉడుకు పది డిగ్రీలు తగ్గితె కెపాసిటర్ జిందగీ డబల్ అయితది, నువ్వేమో సీరియల్ అంటున్నవ్.

శీను: సగం స్పీడ్‌ల గాలి సగం వస్తది, సప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ దాక తగ్గుతది. లోపల మూడు సామాన్లు కల్పి 30 వాట్లు లేవు, దానికి తుఫాను గాలి ఎందుకు? పైంగ మన ఊర్ల రైస్ మిల్లుల దుమ్ము, ఫుల్ పెడితె అంతా లోపటికే, రెండు నెల్లల్ల బోర్డు మీద ఊక పరుపు పరిచినట్టయితది.

బావ: జాలి పెట్టు, నెలకోసారి దులుపు. స్పీడ్‌తోని ఆటలాడితె ఏమైతదో చూసిన. మొన్న ఒకాయన అడాప్టర్ ముంగట సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టిండు, తిప్పితె స్పీడ్ తగ్గుతదని! ఆ అడాప్టర్ 100 వోల్టులొచ్చినా 240 వచ్చినా 12 ఇచ్చేటందుకే ఉన్నది, ఇగ ఎట్ల తగ్గుతది? రెగ్యులేటర్ ముక్కలు ముక్కలుగ కోసిన కరెంటు తిని అడాప్టరే ఉడికిపోయింది.

శీను: 230 దిక్కు నేను చెయ్యే పెట్టలే బావా, ఏం చేసినా అడాప్టర్ అవతల 12 వోల్టులల్లనే. వైరుకు చిన్న ఫ్యూజ్ గూడ ఏసిన.

బావ: సరే, నీ మాడ్యూల్ పోతె ఏంది? ఫ్యాన్ ఆగుతది, తలుపులేమో మూసే ఉంటయి, ఎవ్వరు చూస్తరు? నా అడుగుడు గదే.

శీను: అది నిజమే. నాలుగు వైర్ల ఫ్యాన్ తెస్తె ఆ భయం ఉండది, 12 ఎప్పుడూ ఉంటయి, ఎంత స్పీడ్‌ల తిరగాల్నో ఫ్యాన్‌కు నాలుగో వైరు చెప్తది, ఆ వైరు ఊడితె ఫుల్ స్పీడ్‌ల తిరుగుతది. గని ఇంట్ల రెండు వైర్లదే ఉండె.

బావ: అయితే అదన్న తేపో, లేకపోతె 12 పెట్టు. గీ నడిమిట్ల కథలు...

(కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. రూటరు లైట్లు వెలిగినయి. ఫ్యాన్ రెక్క టిక్కు, టిక్కు అని జరంత కదులుతుంది, తిరుగుతలేదు.)

శీను: ఇందాక మంచిగనే తిరుగుతుండె కద!

బావ: నువ్వు పెట్టినప్పుడు 12 మీద తిప్పి, తిరుగుతుంటె దించినవ్, అవునా? పోతున్న బండిని గుంజుడు అల్కగుంటది, ఆగినదాన్ని కదిలించుడే బరువు. నాలుగుకు తిరుగుతది గని లేవది. మన కరెంటు దినాం పోతది, అంటె దినాం నీ ఫ్యాన్ పండుకుంటది.

(శీను మీటర్ పెట్టి స్క్రూ తిప్పుతుండు. 5... 5న్నర... 6 కాడ రెక్క లేచింది.)

శీను: 7 కాడ ఆపుతున్న. నువ్వు అడాప్టర్ తీసి పెట్టు, పదిసార్లు లేస్తుందో లేదో చూద్దాం.

బావ: 12 పెట్టమన్న కద!

శీను: ఏడే బావా. నువ్వు తీసి పెట్టు.