ఇంకు సంగతి కూడా రాయాల్సింది

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తోనే గుడ్డ మీద డిజైన్ అచ్చేసి ఆర్ట్ క్విల్ట్ (బొమ్మలతో కళగా కుట్టే బొంత) కుట్టొచ్చని మీ వ్యాసంలో అన్నారు, బాగుంది. కానీ ఇంకు గురించి ఒక్క ముక్కతో దాటేశారు. కిటుకంతా అక్కడే ఉందండీ. డై ఇంకైతే (నీళ్లలో కరిగే రంగు), గుడ్డకి ముందే రంగు నిలిపే మందు పట్టించకపోతే, మొదటి ఉతుకుకే వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకు (నీళ్లలో కరగని సన్నటి రంగుపొడితో చేసింది) నిలుస్తుంది. ఫ్రీజర్ పేపర్ (ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉండే కాగితం) నున్నటి వైపు గుడ్డకి ఆనించి ఇస్త్రీ చేస్తే ప్రింటర్‌లోకి తిన్నగా వెళ్తుంది. అంచున దారప్పోగు వేలాడితే మాత్రం ఇంకు చిమ్మే హెడ్‌కి తగులుకుంటుంది, కత్తిరించి మరీ పెట్టండి.

ఇంకోటి, పిగ్మెంట్ రంగు నూలు మీద పైపైనే కూర్చుంటుంది. కుట్టు విప్పాల్సి వచ్చిందా, సూది దిగినచోటల్లా తెల్లచుక్కలే! నేనైతే 70 నంబరు సన్నసూదే వాడతాను. రిజల్యూషన్ కోసం మరీ హైరానా పడక్కర్లేదు, గుడ్డకి 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) చాలు.